బూజు విషానికి మట్టిలో విరుగుడు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

నేలలో బతికే కొన్ని బాక్టీరియాలు ధాన్యంలోనూ పల్లీల్లోనూ బూజు వదిలే విషాలను విరగ్గొట్టగలవని, వాటి నుంచి తీసిన ఎంజైములు కొన్ని దేశాల్లో పశువుల దాణాలో వాడుకలోకి వచ్చాయని గత సంచికలో నాలుగు వాక్యాల వార్త వేశాం. దానికి వేరుశనగ రైతుల నుంచి, కోళ్ల ఫారాల వారి నుంచి, పాడి రైతుల నుంచి, విద్యార్థుల నుంచి ఊహించనన్ని ఉత్తరాలు వచ్చాయి. అందరూ అడిగింది ఒక్క విషయం గురించే అయినా ఎవరి అవసరం వారిది. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని దీనికే ఇస్తున్నాం.

ప్రశ్న: వేరుశనగ కాయ మట్టిలోనే ఊరుతుంది. ఆ మట్టిలోనే విషాన్ని విరిచే బాక్టీరియా ఉందని మీరు రాశారు. మరి మా కాయల్లోకి అఫ్లాటాక్సిన్ ఎలా వస్తోంది? ఆ బాక్టీరియా ఏం చేస్తున్నట్టు?
— ఒక రైతు, కదిరి

జవాబు: వచ్చిన ఉత్తరాలన్నింటిలో మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసిన ప్రశ్న ఇది. మట్టిలో ఆ బాక్టీరియా ఉన్న మాట నిజమే, అది పని చేస్తున్న మాటా నిజమే. ప్రయోగశాలలో 28 డిగ్రీల వేడి దగ్గర, తగినంత తేమ ఉన్న మట్టిలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషంలో బి1 అన్న రకాన్ని కలిపి చూసినప్పుడు, అయిదు రోజులలోపే అందులో సగం కనబడకుండా పోయింది. ఏటా ఇన్ని కుళ్లిన కాయలు, ఇంత చెత్త నేలలో కలుస్తున్నా మన పొలాలు విషపు దిబ్బలు కాకపోవడానికి ఈ కంటికి కనబడని జీవుల శ్రమ ఒక కారణం.

అయితే మీ కాయలోని విషం మట్టిలో తయారై లోపలికి పోయింది కాదు. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు డొల్లను దాటి గింజలోకి చేరి, అక్కడే పెరిగి, అక్కడే విషాన్ని తయారు చేస్తుంది. బూజు పట్టిన గింజను రెండు పప్పులుగా విడదీసి చూడండి. పైన పొట్టు బాగానే ఉన్నట్టు కనిపించినా, పప్పుల మధ్యనున్న సందులో ఆకుపచ్చ కలిసిన పసుపు రంగు పొడి కనబడుతుంది. ఆ సందులోకి మట్టిలోని బాక్టీరియా చేరలేదు. విరిచే జీవి డొల్లకు బయట ఉండిపోయింది, విషం లోపల ఉండిపోయింది.

దీనికి కాలం కూడా తోడవుతుంది. కోతకు ముందు మూడు నుంచి ఆరు వారాల పాటు వాన మొహం చాటేసి, కాయ ఉన్న లోతులో నేల 28 నుంచి 31 డిగ్రీల దాకా వేడెక్కితే అఫ్లాటాక్సిన్ బాగా పెరుగుతుంది. తేమ సరిపడా ఉన్నంత కాలం గింజ తనను తాను కాపాడుకునే రసాయనాలను తయారు చేసుకుంటుంది. నీరు తగ్గేకొద్దీ ఆ శక్తి సన్నగిల్లి చివరకు ఆగిపోతుంది. ఈ బూజు మాత్రం గింజకు చాలని నీటితో కూడా పెరగగలదు. విషాన్ని విరిచే బాక్టీరియాలకు చుట్టూ తడి కావాలి కాబట్టి ఎండిన నేలలో అవి మందగిస్తాయి. అంటే బూజుకు అనుకూలమైన రోజులే గింజకూ బాక్టీరియాకూ ప్రతికూలమైన రోజులు. కాయను చెదలు తొలిచినా, కలుపు తీసేటప్పుడు డొల్లకు దెబ్బ తగిలినా బూజుకు దారి మరింత తేలికవుతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో వర్షాధారంగా వేరుశనగ వేసే రైతులకు ఇదంతా కొత్త సంగతి కాదు. వీలున్న చోట చివరి దశలో ఒక్క తడి ఇవ్వగలిగితే, ఆ నీరు దిగుబడికి చేసే మేలుతో పాటు గింజ ఆత్మరక్షణకూ పనికొస్తుంది.

ప్రశ్న: "తాత ముత్తాతల కాలం నుంచి కాస్త బూజు పట్టిన గింజలు కడిగి ఎండబెట్టుకుని తింటూనే ఉన్నాం, ఎవరికీ ఏమీ కాలేదు. ఇంత భయం అవసరమా?"
— విశ్రాంత ఉపాధ్యాయుడు, మహబూబ్‌నగర్

జవాబు: మాస్టారూ, ఏమీ కాలేదని చెప్పడం కష్టం. అయినదానికి కారణం ఇదని ఆ రోజుల్లో తెలియదు, అంతే. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చనిపోయినప్పుడు కారణం వెతుకుతూ పోతే, వాటి దాణాలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ చెక్క దగ్గర ఆ వెతుకులాట ఆగింది. అఫ్లాటాక్సిన్ లోకానికి తెలిసింది అప్పుడే.

మన దేశంలో 1974 చివర్లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దుల్లోని బాంస్‌వాడా, పంచమహల్ ప్రాంతాల గిరిజన గ్రామాల్లో కామెర్లు, కడుపులో నీరు చేరడం వంటి లక్షణాలతో జనం మంచాన పడ్డారు. జబ్బు పడిన 397 మందిలో 106 మంది మరణించారు. ఆ ఇళ్లలోని కుక్కలకూ అవే లక్షణాలు వచ్చాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు వెళ్లి పరిశీలించి, అకాల వర్షాలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్నే కారణమని తేల్చారు. తిండికి మరో గింజ లేక, పాడైనదని తెలిసీ తిన్న పేద కుటుంబాలవి. 2004లో కెన్యాలోనూ ఇలాగే మొక్కజొన్న వల్ల 317 మంది జబ్బు పడ్డారు, వారిలో 125 మంది చనిపోయారు.

మీ ప్రాంతానికి దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. 1995లో దక్కన్ పీఠభూమిపైని 27 గ్రామాల్లో, కోత సమయపు వానకు తడిసిన జొన్నలు, మొక్కజొన్నలు తిన్న కుటుంబాలు కడుపునొప్పితో, విరేచనాలతో బాధపడ్డాయి. అక్కడ నేరస్థుడు మరో బూజు, మరో విషం: ఫ్యుజేరియం జాతి బూజులు తయారు చేసే ఫ్యుమోనిసిన్.

ఇలా ఒక్కసారిగా మీద పడేది ఒక ఎత్తు. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి ఒంట్లో చేరేది మరో ఎత్తు. అఫ్లాటాక్సిన్ మనుషుల్లో కాలేయ క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించి, మొదటి వర్గంలో చేర్చింది. హెపటైటిస్ బి సోకిన వారికి ఆ ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ. ఇక కడగడం, ఎండబెట్టడం సంగతి: పైన కనిపించే బూజు పోతుంది, లోపల చేరిన విషం పోదు. సుమారు 260 డిగ్రీలు దాటితే గాని విరగని పదార్థమది. మన పొయ్యి మీద ఉడుకుతున్న నీటి వేడి 100 డిగ్రీలే. వేయిస్తే కొంత తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. ముడుచుకుపోయిన, రంగు మారిన, చేదు తగిలే గింజలను ఏరి పారేయడమే ఇంట్లో మనం చేయగలిగిన మంచి పని, ఎందుకంటే విషం గింజలన్నింటిలో సమంగా ఉండదు, కొద్ది గింజల్లోనే విపరీతంగా పోగుపడి ఉంటుంది.

ప్రశ్న: నేను సూక్ష్మజీవశాస్త్రం చదువుతున్నాను. మట్టిలోని కోట్ల బాక్టీరియాల్లో ఈ విషాన్ని విరిచేది ఏదో ఎలా కనిపెడతారు? బాక్టీరియాకు ఆ విషంతో పనేమిటి?
— ఒక విద్యార్థిని, వరంగల్లు

జవాబు: మొదట్లో ఒక్కొక్కటిగా పరీక్షించి చూశారు. అమెరికాలో పియోరియా నగరంలోని వ్యవసాయ శాఖ ప్రయోగశాలలో సీగ్లర్, ఆయన సహచరులు సుమారు వెయ్యి సూక్ష్మజీవులను అఫ్లాటాక్సిన్‌తో కలిపి చూసి, 1966లో ఫలితాలు ప్రచురించారు. విషాన్ని తిరిగి రాకుండా తొలగించినది ఒక్కటే దొరికింది. అప్పట్లో దాన్ని ఫ్లేవోబాక్టీరియం ఆరాంటియాకం అన్నారు, తర్వాత నోకార్డియా జాతిలో చేర్చారు. పాలలో, నూనెలో, వేరుశనగ ముద్దలో కూడా అది విషాన్ని తొలగించింది. అలా శుభ్రపడిన దాన్ని బాతుపిల్లలకు పెట్టి చూస్తే వాటి కాలేయం చెడలేదు. ఇన్ని మంచి గుణాలున్నా ఆ బాక్టీరియా తిండి పరిశ్రమలోకి రాలేకపోయింది, ఎందుకంటే దాని కణాలకు చిక్కటి నారింజ రంగు ఉంది, అది తాకిన ఆహారానికల్లా ఆ రంగు అంటుకుంటుంది.

తర్వాతి వారు తెలివైన దారి పట్టారు. అఫ్లాటాక్సిన్ ఖరీదైనది, ప్రమాదకరమైనది కూడా. దాన్నే ఆహారంగా వేసి బాక్టీరియాను పెంచడం అయ్యే పని కాదు. కానీ దాని నిర్మాణంలో కూమరిన్ అనే చవకైన పదార్థపు చట్రం ఉంది. గాజు పళ్లెంలో కార్బన్ ఆధారంగా కూమరిన్ ఒక్కటే ఉంచి, దాని మీద మట్టి కలిపిన నీటి చుక్కలు వేస్తారు. మిగతావన్నీ ఆకలితో ఆగిపోతాయి. కూమరిన్‌ను తినగలిగినవి మాత్రం చిన్న చిన్న చుక్కల్లా పైకి వస్తాయి. వాటిని ఏరి, అప్పుడు అసలు విషం మీద పరీక్షిస్తారు. మట్టి, జంతువుల పేడ, పాడైన గింజలు అన్నీ ఇలా వెతికారు.

మరికొందరు ఇంకో తర్కంతో వెతికారు. రాతి బొగ్గు నుంచి గ్యాసు తీసిన పాత కర్మాగారాల కింద నేలలో తారు జాతి రసాయనాలు దశాబ్దాల తరబడి ఇంకిపోయి ఉంటాయి. వలయాలు వలయాలుగా అల్లుకున్న ఆ రసాయనాలను తిని బతకడం నేర్చిన బాక్టీరియాకు, అదే విధంగా వలయాలున్న అఫ్లాటాక్సిన్ కూడా లొంగవచ్చు కదా అనుకున్నారు. అలాంటి నేల నుంచి వచ్చిన మైకోబాక్టీరియం ఫ్లోరాంథెనివోరాన్స్ మూడు రోజుల్లో అఫ్లాటాక్సిన్ బి1ను ఆనవాలు లేకుండా చేసింది. మీరు అడిగిన రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. చాలా సందర్భాల్లో బాక్టీరియాకు ఆ విషంతో ప్రత్యేకంగా పనేమీ లేదు. వేరే ఆహారం కోసం సమకూర్చుకున్న ఎంజైములకు ఇదీ దొరుకుతుంది, వాటితోనే దీన్నీ కోస్తుంది.

ఒక హెచ్చరిక కూడా ఈ సందర్భంలో చెప్పాలి, మీరు ఇదే పరిశోధన చేసే రోజు వస్తే పనికొస్తుంది. "విషం తగ్గింది" అన్న ప్రతి ఫలితాన్నీ మూడు ప్రశ్నలతో జల్లించాలి. మొదటిది, విరిగిందా, లేక బాక్టీరియా పైపొరకు అంటుకుని కనబడకుండా ఉందా? లాక్టిక్ ఆమ్ల బాక్టీరియాలు చాలావరకు చేసేది ఈ అంటించుకునే పనే. కడిగితే కొంత మళ్లీ ఊడివస్తుంది. రెండోది, విరిగితే ఏ చోట విరిగింది? అఫ్లాటాక్సిన్ బి1 అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరుస్తుంది. ఒక చివరనున్న లాక్టోన్ వలయం తెగగానే ఆ మెరుపు పోతుంది, యంత్రం "లేదు" అని చూపుతుంది. కానీ కాలేయంలో డీఎన్‌ఏకు అంటుకుని హాని చేసే భాగం రెండో చివరన ఫ్యూరాన్ వలయంలో ఉంది. పైగా క్షారంతో తెగిన లాక్టోన్ వలయం ఆమ్లం తగిలితే తిరిగి అతుక్కునే అవకాశం ఉంది, కడుపులో ఉండేదేమో ఆమ్లమే. మూడోది, మిగిలిన ముక్క స్వభావమేమిటి? ఇది జీవుల మీద పరీక్షిస్తే తప్ప తేలదు. ఈ మూడింటికీ జవాబు చెప్పకుండా శాతాలు మాత్రమే ప్రకటించే పత్రాలు చాలా ఉన్నాయి. వాటిని చూసి వెంటనే సంబరపడకూడదన్నది మా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: మాది లేయర్ ఫారం. మొక్కజొన్న రేటు పెరిగాక వచ్చిన సరుకు తీసుకోక తప్పడం లేదు. దాణాలో కలపమని ఒకరు "టాక్సిన్ బైండర్" అంటున్నారు, మరొకరు "బాక్టీరియా ఎంజైము, విషాన్ని కోసేస్తుంది" అని రెట్టింపు ధర చెబుతున్నారు. ఏది కొనాలి?
— ఒక కోళ్ల రైతు, తణుకు

జవాబు: ఏది కొనాలో చెప్పే ముందు, ఏ విషానికి కొంటున్నారో తెలియాలి. బూజు విషం అన్న ఒక్క మాట కింద ఒకదానితో ఒకటి పోలిక లేని వందల పదార్థాలున్నాయి. అఫ్లాటాక్సిన్, ఆక్రాటాక్సిన్, ఫ్యుమోనిసిన్, డీఆక్సినివలెనాల్, జీరలెనోన్ అన్నవి వాటిలో ముఖ్యమైనవి. ఒక తాళంచెవి ఒక తాళానికే పట్టినట్టు ఒక ఎంజైము ఒక విషానికే పనిచేస్తుంది. "అన్ని బూజు విషాలకూ ఒకే ఎంజైము" అని ఎవరైనా అంటే, ఆ మాట దగ్గరే సంభాషణ ఆపవచ్చు.

బైండర్ అంటే విషాన్ని పట్టుకుని, పేగుల్లో రక్తంలోకి పోనివ్వకుండా రెట్టతో బయటకు తీసుకుపోయేది. బెంటొనైట్ జాతి బంకమన్ను అఫ్లాటాక్సిన్‌ను బాగా పట్టుకుంటుంది, ఎందుకంటే ఆ అణువు పలుచగా, చదునుగా ఉండి మట్టి పొరల మధ్య ఇమిడిపోతుంది. మిగతా విషాల్లో చాలావాటిని ఆ మట్టి సరిగా పట్టుకోలేదు. ఆ లోటు పూడ్చడానికే శాస్త్రజ్ఞులు ఎంజైముల కోసం నేల బాక్టీరియా వైపు చూశారు.

వాటిలో పూర్తిగా ఫలించిన కథ ఫ్యుమోనిసిన్‌ది. 1988లో దక్షిణాఫ్రికాలో కనుగొన్న ఈ విషం కణాల పొరలకు కావలసిన ఒక రకం కొవ్వు తయారీని అడ్డుకుంటుంది. గుర్రాల్లో మెదడును కరిగిస్తుంది, పందుల్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరుస్తుంది. కంపోస్టు మట్టిలో దొరికిన స్ఫింగోపిక్సిస్ అనే బాక్టీరియా ఈ విషాన్ని పూర్తిగా తినేస్తుందని ఆస్ట్రియా పరిశోధకులు గమనించారు. ఆ పనికి కావలసిన జన్యువులన్నీ దానిలో ఒకే వరుసలో ఉన్నాయని 2010లో వివరించారు. ఆ బాక్టీరియాను ఉన్నదున్నట్టు దాణాలో కలిపితే లాభం లేదు, ఎందుకంటే దానికి గాలి కావాలి, పేగుల్లో గాలి ఉండదు. అందుకని దాని మొదటి ఎంజైమును మాత్రం ఎంచుకున్నారు. ఫ్యుమోనిసిన్‌కు రెండు పక్కలా ఆమ్లపు తోకలు ఉంటాయి. ఈ ఎంజైము ఆ తోకలను నీటి సాయంతో కోసేస్తుంది. ఆక్సిజన్ అక్కరలేదు, మరో సహాయక రసాయనం అక్కరలేదు, నీరుంటే చాలు. తోకలు తెగిన తర్వాత మిగిలిన ముక్కకు మునుపటి విషశక్తిలో చాలా భాగం పోతుందని జంతువుల మీద చూసి నిర్ధారించుకున్నారు. ఆ జన్యువును ఒక ఈస్టులో పెట్టి ఎంజైమును పెద్ద ఎత్తున తయారు చేశారు. 2014లో ఐరోపా సంఘం పందుల దాణాలో వాడటానికి అనుమతించింది, తర్వాత కోళ్లకూ అనుమతి వచ్చింది.

ఇదే పని అఫ్లాటాక్సిన్‌కు ఎందుకు జరగలేదని మీరు అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్న అదే. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 2010లో, నేలలో సాధారణంగా ఉండే మైకోబాక్టీరియం స్మెగ్మాటిస్‌లో అఫ్లాటాక్సిన్‌ను విరిచే ఎంజైములను గుర్తించారు. అవి కోయడం మొదలు పెట్టాలంటే ఎఫ్‌420 అనే సహాయక పదార్థం కావాలి. దాన్ని తయారు చేసుకునే జీవులు తక్కువ, అది కోడి పేగుల్లో దొరకదు. మరికొన్ని ఎంజైములకు ఆక్సిజన్ కావాలి. అంటే బాక్టీరియా తన కణం లోపల ఎంతో సౌకర్యంగా చేసుకునే పని, ఎంజైమును ఒంటరిగా బయటకు తెచ్చేసరికి ఆగిపోతుంది. గోధుమ, మొక్కజొన్నల్లో వచ్చే డీఆక్సినివలెనాల్ విషయంలోనూ ఇదే చిక్కు. కెనడాలో మట్టి నుంచి తీసిన డెవోసియా జాతి బాక్టీరియా ఆ విషంలోని ఒకే ఒక్క హైడ్రాక్సిల్ గుంపును (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ జతను) ఇటు నుంచి అటు తిప్పి దాని విషశక్తిని దాదాపు పోగొడుతుంది. చూడటానికి చాలా చిన్న మార్పు, కానీ అది రెండు మెట్లలో జరుగుతుంది, రెండు మెట్లలోనూ వేరువేరు సహాయక పదార్థాలు కావాలి. నీటితో తెగే బంధం ఉన్న విషాలే ముందుగా లొంగుతున్నాయి. ఆ లెక్కన ఆక్రాటాక్సిన్ మీద ఆశ పెట్టుకోవచ్చు. హంగరీ నేలలో దొరికిన కుప్రియావిడస్ బాక్టీరియాతో సహా ఎన్నో జీవులు దాన్ని నీటితోనే రెండు ముక్కలు చేస్తున్నాయి, అందులో ఒక ముక్క ఫినైల్‌అలనిన్ అనే మామూలు అమైనో ఆమ్లం.

ఇక మీ ఫారం సంగతి. కోళ్లు ఫ్యుమోనిసిన్‌ను, డీఆక్సినివలెనాల్‌ను పందుల కంటే బాగా తట్టుకుంటాయి; గుడ్లు తగ్గడానికి, కాలేయం పాలిపోయి కొవ్వెక్కడానికి అఫ్లాటాక్సిన్‌నే ముందుగా అనుమానించాలి. కనుక ముందు మీ మొక్కజొన్నను పరీక్ష చేయించండి. బస్తా పైనుంచి గుప్పెడు తీసి పంపితే ఫలితం నమ్మదగినది కాదు, ఎందుకంటే వేల గింజల్లో కొన్నే విషపువి. ఎన్నో బస్తాల నుంచి, పైనా మధ్యలో అడుగునా, కొద్దికొద్దిగా తీసి, అంతా కలిపి, పొడి చేసి, అందులోంచి నమూనా తీయాలి. అఫ్లాటాక్సిన్ తేలితే బెంటొనైట్ బైండరు పనికొస్తుంది. ఎంజైము అమ్మే వారిని మాత్రం ఏ విషానికి, ఏ ఎంజైము, కోసిన తర్వాత మిగిలేది ఏమిటి, కోళ్ల మీద చేసిన పరీక్ష ఎక్కడ అని లిఖితపూర్వకంగా అడగండి. అన్నింటికీ జవాబు ఇవ్వగలిగితే, మీ సరుకులో ఆ విషమే ఉంటే, రెట్టింపు ధరకు అర్థం ఉంటుంది. బాగా బూజు పట్టిన లాటును మాత్రం ఏ పొడి కలిపినా కాపాడలేరు.

ప్రశ్న: గేదెలకు వేరుశనగ చెక్క పెడతాం. నెమరువేసే పశువు కడుపులోనే బోలెడు బాక్టీరియా ఉంటుంది కదా, విషం అక్కడే విరిగిపోదా?
— ఒక పాడి రైతు, పొదిలి

జవాబు: కొన్ని విషాలు విరుగుతాయి. ఆక్రాటాక్సిన్‌ను, డీఆక్సినివలెనాల్‌ను పశువు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు బాగానే విరుస్తాయి; ఐరోపాలో దాణాకు అనుమతి పొందిన ఒక బాక్టీరియాను ఆవు పొట్ట నుంచే తీశారు. అఫ్లాటాక్సిన్ మాత్రం చాలావరకు అక్కడ దాటిపోతుంది. కాలేయానికి చేరి, ఎం1 అనే రూపంలో పాలలోకి వస్తుంది. తిన్నదానిలో నూటికి ఒకటి నుంచి ఆరు పాళ్ల దాకా ఇలా వస్తుందని లెక్క.

ఒక ఊహాలెక్క వేసి చూడండి. గేదె రోజుకు మూడు కిలోల చెక్క తింటోంది, చెక్కలో కిలోకు 100 మైక్రోగ్రాముల బి1 ఉంది అనుకుందాం. 300 మైక్రోగ్రాములు లోపలికి వెళ్లాయి. అందులో నూటికి రెండు పాళ్లు పాలలోకి వస్తే ఆరు మైక్రోగ్రాములు. గేదె ఎనిమిది లీటర్లు ఇస్తే లీటరుకు 0.75. మన దేశంలో పాలకు పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాములు, ఐరోపాలో 0.05. చూపుకు మామూలుగా ఉన్న చెక్కతోనే పాలు పరిమితి దాటాయి. అందుకే పశువుల దాణాకు భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం బి1ను కిలోకు 20 మైక్రోగ్రాముల దగ్గర ఆపింది. పాలు మరగబెట్టినా, తోడు వేసినా ఎం1 పోదు. పన్నీరు చేస్తే పాల మాంసకృత్తుతో పాటు అందులో మరింత చిక్కబడుతుంది కూడా. మంచి మాట ఒకటుంది: చెడ్డ చెక్క మానేసిన మూడు నాలుగు రోజుల్లో పాలు తేటపడతాయి.

గానుగ ఆడించినప్పుడు విషంలో ఎక్కువ భాగం నూనెలోకి పోకుండా చెక్కలోనే ఉండిపోతుందన్నది గుర్తుంచుకోండి. ఏరి పక్కన పెట్టిన ముడుచు గింజలను గానుగకు వేసి, ఆ చెక్కను గేదెకు పెట్టే అలవాటు మన పల్లెల్లో ఉంది. ఇంటి వారు తినకుండా వదిలిన విషాన్ని చివరకు పిల్లల పాలగ్లాసులోకి తెచ్చే అలవాటది. దాన్ని వెంటనే మానాలి.

ప్రశ్న: విత్తనానికి పట్టించే సూడోమోనాస్ ఫ్లోరసెన్స్, మీరు చెప్పిన బాక్టీరియా ఒకటేనా? పట్టించి విత్తితే అఫ్లాటాక్సిన్ రాదా?
— ఒక యువ రైతు, వనపర్తి

జవాబు: రెండూ నేల బాక్టీరియాలే గాని పనులు వేరు. సూడోమోనాస్ ఫ్లోరసెన్స్ వేరు చుట్టూ స్థిరపడి బూజుల పెరుగుదలను అణచిపెడుతుంది. తయారైపోయిన విషాన్ని విరవడానికి దాన్ని ఇవ్వడం లేదు. ట్రైకోడెర్మా కూడా అణచిపెట్టేదే, అయితే అది బాక్టీరియా కాదు, మంచి బూజు. ఆఫ్రికా దేశాల్లో ఇంకో పద్ధతి బాగా సాగుతోంది: విషం తయారు చేయలేని ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ రకాలను గింజల మీద పెంచి పొలంలో చల్లి, విషపు రకాలకు చోటు లేకుండా చేస్తున్నారు. ఇవన్నీ ముప్పును తగ్గిస్తాయి. పూర్తిగా రాకుండా ఆపే హామీ ఏదీ ఇవ్వదు.

విత్తనశుద్ధి చేసుకోండి. తర్వాత కోత దగ్గర జాగ్రత్త పడండి, ఎందుకంటే నేలలో కాస్తగా ఉన్న బూజు వామిలో నాలుగు రోజుల్లో విజృంభిస్తుంది. పీకిన మొక్కలను కాయలు పైకి వచ్చేలా తిరగేసి వరుసగా పరచండి. పచ్చి కాయలతో వామి వేయవద్దు. కాయ తేమ నూటికి ఎనిమిది, తొమ్మిది పాళ్లకు దిగే దాకా ఎండనివ్వండి. చెవి దగ్గర ఊపితే లోపల గింజ గలగలమంటుంది. డొల్ల ఒలిచే యంత్రంలో కాయ తేలికగా పగలాలని నీళ్లు చల్లే పద్ధతి కొన్నిచోట్ల ఉంది, ఎండబెట్టిన శ్రమంతా ఆ నీటితో పోతుంది. పగిలిన కాయలు, చెదలు తిన్న కాయలు వేరు చేసి, మంచివాటిని గోనె సంచుల్లో నింపి, నేలకు తగలకుండా చెక్కల మీద, గోడకు ఎడంగా పేర్చండి. వేరు చేసిన పాడు కాయలను దాణాకు ఇవ్వకుండా, కళ్లానికి దూరంగా గుంత తీసి తడి మట్టితో కప్పేయండి. వాటిలోని విషాన్ని విరిచే బాక్టీరియాకు ఆ గుంత అసలైన చోటు.